అడుగు తడిసిన మటన్ పై, ఆకులో కాలిన మాంసం పిఠా: మూత ఏది, గిన్నె ఏది?

బరంపురం వంటిల్లు
ఆదివారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ ఈ వేదికను చదువుతూ వచ్చాను గాని, ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. మా మేనత్తగారు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో ఉండేవారు. నా చిన్నతనంలో క్రిస్మస్ సెలవులకు బరంపురంలో రైలెక్కి అక్కడికి వెళితే, పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆవిడ ఎనామిల్ పళ్ళెంలో పిండి పరిచి, మాంసం కూరి, పిండి మూత కప్పి కాల్చే పై అనే ఇంగ్లీషు వంటను మటన్‌తో చేసి, దాని మీద చేతిరుమాలు కప్పి పంపేవారు. ఎర్రగా కాలిన పిండి మూత, దాని నడిమధ్య వేలు దూరేటంత కన్నం, కత్తి దించగానే మిరియాల వాసనతో లేచే ఆవిరి ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉన్నాయి. అత్తయ్యగారు పోయి ఆరేళ్ళయింది. ఆ పక్కింటావిడ ఎక్కడున్నారో తెలియదు. ఆ పైని ఒక్కసారైనా నా చేతులతో చేసి మా పిల్లలకు పెట్టాలన్న కోరిక మాత్రం మిగిలింది.

మొన్న ప్రయత్నించాను. పావుకిలో మైదాకు 125 గ్రాముల వెన్న కలిపి, చల్లని నీళ్ళతో తడిపి, పళ్ళెంలో పరిచాను. అరకిలో ఖాసీ మాంసం ఖీమాను ఉల్లిపాయలతో, మిరియాలతో వండి, పొయ్యి మీద నుంచి దించిన వెంటనే దానిలో పోసి, పైన మరో పిండి రేకు కప్పి ఓవెన్‌లో పెట్టాను. మూత చక్కగా కాలింది. అడుగు మాత్రం పచ్చి పిండిముద్దలా మిగిలింది. పిల్లలు మూత తిని, లోపలి ఖీమా తిని, అడుగు వదిలేశారు.

నా మొదటి ప్రశ్న ఆ అడుగు గురించే. రెండో ప్రశ్న ఆ రాత్రి నుంచి నన్ను వదలడం లేదు. కజ్జికాయలు, బొబ్బట్లు, పూర్ణం బూరెలు అంటూ తీపిని కూరి మూసే వంటలు మనకు ఇన్ని ఉండగా, మాంసాన్ని కూరి మూసే వంట మన తెలుగిళ్ళలో ఎందుకు లేకపోయింది?

గోపాల్‌పూర్ తీరం
ఆదివారం, రాత్రి 10:35

అమ్మా, నేను ఇరవై ఆరేళ్ళు సరుకు ఓడల్లో వంటవాడిగా పనిచేసి, ఇప్పుడు గోపాల్‌పూర్‌లో విశ్రాంతిగా ఉంటున్నాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు మీరు రాసిన దానిలోనే ఉంది. కూరను పొయ్యి మీద నుంచి దించిన వెంటనే పిండిలో పోశారు. ఆ వేడికి పిండిలోని వెన్న ఓవెన్‌లోకి వెళ్ళకముందే కరిగి జారిపోతుంది, వెన్న ఖాళీ చేసిన చోటును కూరలోని నీరు ఆక్రమిస్తుంది, ఆ తరువాత ఎంతసేపు కాల్చినా అది కాలదు, ఉడుకుతుంది. కూర పూర్తిగా చల్లారాలి. ముందురోజే వండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. గరిటెతో గీత గీస్తే ఆ గీత చెదరకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. మందపాటి ఇనుప రేకును ఓవెన్ కింది అరలో ముందే కాలనిచ్చి, పై పళ్ళేన్ని దాని మీద పెడితే అడుగుకు మొదటి నిమిషం నుంచే వేడి తగులుతుంది. మూతలోని కన్నం ఆవిరి బయటికి పోయే దారి, కనుక దానిని మూసుకుపోనివ్వకండి.

అసలు మాట ఇంకొకటి ఉంది. మీరు కలిపిన పిండి చలిదేశాల పిండి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మన గంజాం జిల్లాలో వేసవి నాడు వంటింట్లో అంతకంటే ఎక్కువ వేడి ఉంటుంది. వెన్న ముక్కలు పిండిలో గట్టిగా నిలిస్తేనే ఆ రకం పై పొరలు పొరలుగా విరుగుతుంది, మన దగ్గర అవి చేతిలోనే కరిగిపోతాయి. ఇంగ్లండులోనూ స్కాట్లండులోనూ ఇంకొక పిండి వాడుక ఉంది. దానిని మరిగే నీళ్ళతో కలుపుతారు. 300 గ్రాముల మైదాకు 110 గ్రాముల కొవ్వు, 130 మిల్లీలీటర్ల నీళ్ళు, అర చెంచా ఉప్పు తీసుకోండి. అక్కడ పంది కొవ్వు వాడతారు, మీరు డాల్డా గాని నెయ్యి గాని వాడవచ్చు. నీళ్ళలో కొవ్వు వేసి మరిగించి, ఆ మరుగును ఒక్కసారిగా మైదాలో పోసి గరిటెతో కలిపి, చెయ్యి పట్టగలిగేటంత చల్లారాక మర్దించి, గోరువెచ్చగా ఉండగానే గిన్నె ఆకారంలో మలచాలి. చల్లారితే పగుళ్ళిస్తుంది. ఆ పిండి గోడలా నిలుస్తుంది, తడిని తొందరగా లోపలికి రానివ్వదు.

దెగ్లూరు దారి
సోమవారం, ఉదయం 6:50

గోపాల్‌పూర్ పెద్దాయన చెప్పిన మరుగునీళ్ళ పిండి నాకు కొత్తగా అనిపించలేదు. మాది నాందేడ్ జిల్లా దెగ్లూరు. మా ఇళ్ళలో జొన్నరొట్టెకు ఎసరు మరగబెట్టి పిండిలో పోసి, గరిటెతో తిప్పి, వేడి మీదనే పిసుకుతారు. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు, కనుక ఆ ఎసరే పిండిని పట్టి ఉంచుతుంది. మైదాలో జిగురు ఉన్నా, దానిని మరీ సాగకుండా ఆపి గోడలా నిలబెట్టడానికి వాళ్ళు అదే ఉపాయం పట్టారన్నమాట.

మీ రెండో ప్రశ్న విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది అక్కయ్యా. మాంసం కూరి మూసే వంట మాకు ఉంది. దాని పేరు లుక్మీ. అరబ్బీలో లుక్మా అంటే ముద్ద, నోటికి పట్టేటంత అని అర్థం. మైదాలో నెయ్యి పోసి కలిపి, పలచగా ఒత్తి, మధ్యలో ఖీమా పెట్టి, నలుపలకలుగా మడిచి, అంచులు నొక్కి నూనెలో కాలుస్తారు. సమోసాలా ఉబ్బి కూర్చోదు, చదరంగా పరుచుకుని ఉంటుంది. హైదరాబాదు పెళ్ళిళ్ళలో విందు లుక్మీతోనే మొదలవుతుంది. మా నాందేడ్ 1948 వరకు నిజాం రాజ్యంలో ఉండి, ఆ తరువాత హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, 1956లో బొంబాయి రాష్ట్రంలోను 1960లో మహారాష్ట్రలోను చేరింది గనుక, ఆ విందు అలవాట్లు మా దగ్గర గట్టిగానే నిలిచాయి. మా తెలుగు ఇళ్ళలో దానిని ఎవరూ వండరు, ముస్లిం స్నేహితుల పెళ్ళిలో తింటారు. ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

జయపురం మాస్టారు
సోమవారం, ఉదయం 9:20

ఈ చర్చ నాకు ఎంతో ఇష్టమైన దారిలోకి వచ్చింది, కనుక కొంచెం వివరంగా రాస్తాను. మధ్యయుగపు ఇంగ్లండులో పై మీది పిండిని కాఫిన్ అనేవారు. అప్పట్లో ఆ మాటకు పెట్టె అని అర్థం. ఆ పిండి మందంగా, గట్టిగా ఉండేది. కాల్చడానికి పనికివచ్చే లోహపు పాత్రలు కరువైన రోజుల్లో ఆ పిండి పెట్టె తానే గిన్నె, తానే మూత. మాంసం తన ఆవిరిలో తానే ఉడికేది, గాలి తగలనందువల్ల కొన్నాళ్ళు నిలువ ఉండేది. అంటే ఈ వంట మొదట్లో పిండి రుచి కోసం పుట్టలేదు, మాంసాన్ని మూసిపెట్టడానికి పుట్టింది. పిండిలో కొవ్వు కలిపి మెత్తబరిచి, మూతను కూడా ఇష్టంగా తినడం అలవాటైంది తరువాతనే.

మన దేశానికి ఆ మూసే పద్ధతి పడమటి దారిన, సమోసా రూపంలో వచ్చింది. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువు చూసిన ఇబన్ బతూతా, తరిగిన మాంసాన్ని బాదం, పిస్తా, ఉల్లి, సుగంధ ద్రవ్యాలతో వండి పలుచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించిన సంబుసక్ గురించి రాశాడు. అక్కడ నేతిలో వేయించారన్న సంగతి గమనించండి. పై కాలాలంటే కింద ఎంత వేడి ఉందో పైనా అంత వేడి ఉండాలి. మన పొయ్యి, మన కుంపటి కింది నుంచి మాత్రమే వేడి ఇస్తాయి. మూత కాలే వీలు లేనిచోట, మొత్తాన్నీ నూనెలో ముంచడమే దారి. కజ్జికాయ సరిగ్గా అదే చేస్తుంది. అర్ధచంద్రాకారం, మెలిపెట్టిన అంచు, లోపల పూర్ణం ఉన్న ఆ ఆకారంలో కొబ్బరి బదులు మాంసం పెట్టి ఓవెన్‌లో కాలిస్తే ఇంగ్లండు నైరుతి మూలన కార్న్‌వాల్‌లో చేసే పాస్టీ అవుతుంది.

పర్లాకిమిడి రొట్టెల కొట్టు
సోమవారం, మధ్యాహ్నం 2:05

మాస్టారు చెప్పిన పొయ్యి కారణం నిజమే, అయితే అది సగమే అని నా అభిప్రాయం. మా ఇంట్లో మాంసం తింటారు, పిండివంటలూ చేస్తారు. ఆ రెండూ కలవకపోవడానికి కారణం పండుగ. మనకు పిండివంట అంటే ముందు నైవేద్యం. దేవుడి ముందు పెట్టే బూరెల మూకుడులో మాంసం వాసన తగలనిస్తారా? మా నాయనమ్మ బూరెలు వండే మూకుడును అటక మీద వేరుగా దాచేది. కనుమ నాడు మాంసం వండినప్పుడు కూడా గారె ఒక పక్క, మాంసం పులుసు ఒక పక్క ఉంటాయి. గారెను పులుసులో ముంచుకుని తింటాం, మాంసాన్ని గారెలోపల పెట్టం. పక్కపక్కన ఉండనిచ్చారు గాని ఒకదాని కడుపులో మరొకదాన్ని ఉండనివ్వలేదు.

మాది మూడు తరాల బేకరీ. గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి గనుక డిసెంబరు నెలలో మటన్ పఫ్‌లు ఎక్కువగా చేస్తాం. పఫ్‌కు, పైకి ఉన్న తేడా కొందరికి తెలియదు. పఫ్‌లో పిండి రేకు మీద కొవ్వు పరచి, మూడు మడతలు పెట్టి, ఒత్తి, మళ్ళీ మడుస్తాం. ఆరుసార్లు అలా చేస్తే 729 కొవ్వు పొరలు వస్తాయి, మేము నాలుగుసార్లతో ఆపుతాం. ఓవెన్ వేడికి పొరల మధ్య నీరు ఆవిరై పిండిని పైకి లేపుతుంది. అందుకే దానిలో తడి కూర పెడితే లేవదు, పొడిగా వేయించిన ఖీమానే పెట్టాలి. రసం కావాలనుకునేవారికి పఫ్ పనికిరాదు, పై కావలసిందే. వేసవిలో మేము తెల్లవారుజామున మూడు గంటలకే పిండి మడతలు ముగిస్తాం. వెన్న కాదు గదా, బేకరీ మార్జరిన్ కూడా ఎండ ఎక్కితే చెప్పిన మాట వినదు. బరంపురం అక్కయ్యగారు మరుగునీళ్ళ పిండికే వెళ్ళడం మంచిది.

రాయగడ విశ్రాంత ఉద్యోగి
సోమవారం, రాత్రి 9:15

పర్లాకిమిడి వారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను బ్యాంకు ఉద్యోగిగా మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో నాలుగేళ్ళు పనిచేశాను. మనం సంక్రాంతికి గారెను, మాంసాన్ని పక్కపక్కన పెట్టుకునే రోజుల్లోనే, ఒడిశా ఉత్తరపు కొసన ఉన్న ఆ జిల్లాలో మకర పరబ్‌కు మాంసాన్ని నేరుగా పిఠా అనే బియ్యప్పిండి వంటలో కలిపి కాలుస్తారు. దాని పేరు మాంసొ పిఠా. సంతాలీలు జిల్ పిఠా అంటారు, వారి భాషలో జిల్ అంటే మాంసం. పండుగ, పిండివంట, మాంసం మూడూ అక్కడ ఒకే ఆకులో ఉంటాయి. ఏ గ్రామదేవతా దానికి అభ్యంతరం చెప్పలేదు.

నేను చూసిన ఇంట్లో ఇలా చేశారు. బియ్యం నానబెట్టి, కొంచెం రవ్వగా ఉండేటట్టు రుబ్బారు. మేకమాంసాన్ని వేలి కణుపు కంటే చిన్న ముక్కలుగా కొట్టి, ఉల్లి, వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, ఆవనూనె పట్టించారు. ఆ మాంసాన్ని పిండిలో కలిపి, సాలాకులు ఒకదానికొకటి కుట్టి చేసిన విస్తరి మీద అరచేతి మందాన పరిచి, పైన ఇంకొక విస్తరి కప్పి, పెద్ద మట్టి పెనం మీద పెట్టి, మూకుడు బోర్లించి, ఆ మూకుడు మీద నిప్పులు పోశారు. మాస్టారూ, మన పొయ్యికి పైవేడి లేదని మీరన్నారు, వాళ్ళు నిప్పునే నెత్తికెత్తారు. మధ్యలో ఒకసారి తిప్పి వేశారు. ఆకు నల్లబడి, అంచులు కాలి రాలుతుంటే, ఆ పొగ వాసన పిండిలోకి దిగింది. ఆకు ఊడదీస్తే పిండి మీద ఈనెల అచ్చు కనిపించింది. బయటి పొర పెళుసుగా, లోపల మాంసపు రసం తాగిన అన్నపు మెత్తదనంతో ఉన్న ఆ రుచి నేను ఏ పెద్ద హోటల్లోనూ చూడలేదు. రజొ పండుగకు ఒడిశా అంతటా చేసే పొడొ పిఠా తీపిది. ఆకుల మధ్య రాత్రంతా నిప్పుల సెగన కాలే ఆ తీపి పిఠాకు ఇది ఉప్పటి తోబుట్టువు.

దెగ్లూరు దారి
మంగళవారం, ఉదయం 7:00

రాయగడ అయ్యగారి వర్ణన చదువుతుంటే ఆకలి వేసింది, అయినా ఒక మాట అడగాలి. మాంసం పిండిలో కలిసిపోయినప్పుడు అది పై ఎలా అవుతుంది? పై అంటే లోపల వేరు, బయట వేరు. మూసిన అంచు ఉండాలి. లుక్మీకి అంచు ఉంది, కజ్జికాయకు అంచు ఉంది. పిఠాకు అంచు ఎక్కడుంది? ఆ లెక్కన ఖీమా కలిపిన అట్టును కూడా పై అనాలి.

జయపురం మాస్టారు
మంగళవారం, ఉదయం 8:40

అంచు ఉంది బాబూ, అది పిండిలో లేదు, ఆకులో ఉంది. పై అనే వంటకు మొదటి నియమం ఏమిటో మళ్ళీ చూడండి. మాంసాన్ని మూసి, ఆవిరి పోనివ్వకుండా, నేరుగా నిప్పు తగలనివ్వకుండా కాల్చాలి. గోధుమ పండే చలిదేశంలో ఆ పనిని గోధుమపిండి చేసింది. గోధుమలో జిగురు ఉంది గనుక ఆ పిండి సాగుతుంది, గిన్నెలా మలచవచ్చు, అంచులు నొక్కితే అతుక్కుంటాయి. వరి పండే అడవిసీమలో బియ్యప్పిండి సాగదు, రేకుగా లేవదు, దానితో గిన్నె చేస్తే పగులుతుంది. అందుకని ఆ గిన్నె పని, మూత పని రెండూ ఆకుకు అప్పగించారు. మా కోరాపుట్‌లో అది అడ్డాకు, మయూర్‌భంజ్‌లో సాలాకు. మధ్యయుగపు కాఫిన్ పిండిని చాలాచోట్ల తినకుండా పక్కకు తీసేవారు, ఇక్కడ ఆకును తీసేస్తున్నారు. నా దృష్టిలో పైలోని పిండికి అసలు సమానమైనది పిఠాలోని పిండి కాదు, పిఠా మీది ఆకు.

మీ దెగ్లూరులోనే ఇంకొక సాక్ష్యం ఉంది. దమ్ బిర్యానీకి హండీ అంచు చుట్టూ గోధుమపిండి తాడులా చుట్టి మూత బిగిస్తారు కదా. ఆ పిండిని ఎవరూ తినరు. అది అంచు కాదా?

గోపాల్‌పూర్ తీరం
మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇంగ్లండు వాళ్ళే ఈ విషయంలో కచ్చితంగా లేరు. షెపర్డ్స్ పై అనేదానికి పిండే ఉండదు, వండిన గొర్రెమాంసం మీద మెదిపిన బంగాళాదుంపను పరచి కాలుస్తారు. గొడ్డుమాంసంతో చేస్తే కాటేజ్ పై అంటారు. మూత ఉంటే చాలు, అది దేనితో చేసినా పై అనే పేరు ఇచ్చారు.

కార్న్‌వాల్ పాస్టీని నేను ఫాల్మత్ రేవులో మా ఓడ మరమ్మతులో ఉన్నప్పుడు రోజూ తిన్నాను. 2011లో దానికి యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఆ పేరు పెట్టాలంటే కార్న్‌వాల్‌లో చేసినదై ఉండాలి, గొడ్డుమాంసం కనీసం 12.5 శాతం, కూరగాయలు కనీసం 25 శాతం ఉండాలి, లోపలివన్నీ పచ్చిగానే పెట్టి మూసి నెమ్మదిగా కాల్చాలి, మెలిక పక్కన ఉండాలి గాని నెత్తి మీద ఉండకూడదు. బంగాళాదుంప, ఉల్లి, స్వీడ్ అనే పసుపుపచ్చని దుంప, ఉప్పు, మిరియాలు తప్ప మసాలా ఏమీ ఉండదు. మొదటిరోజు చప్పగా తోచింది. మూడోరోజుకు ఆ మిరియాల వేడి, మాంసపు రసం తాగిన దుంప రుచి అర్థమయ్యాయి. తగరం గనుల్లో దిగే కూలీలు దానిని గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయేవారు. కార్న్‌వాల్ గనుల మనుషులు పనికోసం ప్రపంచమంతా వెళ్ళారు. మెక్సికోలో వాళ్ళు వెండి తవ్విన పచూకా ఊళ్ళో ఇప్పటికీ పాస్తె పేరుతో మిరపకాయలు వేసి అదే చేస్తున్నారు. మన కోలార్ బంగారు గనుల్లో కూడా ఆ కార్న్‌వాల్ మనుషులు పనిచేశారు.

బరంపురం అమ్మకు నేను సూచించేది అది కాదు, స్కాచ్ పై. మేకమాంసానికి, గొర్రెమాంసానికి అదే సరైనది. మరుగునీళ్ళ పిండితో అరచేతిలో ఇమిడే గుండ్రని గిన్నెలు చేసి, ఒకపూట గాలికి ఆరనిచ్చి, మిరియాలు దండిగా వేసిన ఖీమా నింపి, మూతను అంచు కంటే వేలు మందం కిందికి దించి అతికిస్తారు. పైన మిగిలిన ఆ గుంటలో పులుసు పోసుకుని తింటారు. మన వాళ్ళయితే అందులో గోంగూర మాంసం పులుసు పోసుకోవచ్చు.

బల్లార్‌పూర్ గని వీధి
మంగళవారం, సాయంత్రం 6:45

గని కూలీ మాట వచ్చింది గనుక రాస్తున్నాను. మా తాతగారు కరీంనగర్ వైపు నుంచి చంద్రపూర్ జిల్లాకు బొగ్గు గని పనికి వచ్చి బల్లార్‌పూర్‌లో స్థిరపడ్డారు. ఆయన తీసుకువెళ్ళినది రెండు జొన్నరొట్టెల మధ్య పొడిగా వేపిన మాంసం, వెల్లుల్లి కారం. రొట్టెలను కలిపి గుడ్డలో బిగించి మూటకట్టేది మా నాయనమ్మ. మధ్యాహ్నానికి మాంసపు నూనె రొట్టెలోకి దిగి రొట్టె మెత్తబడేదని, ఆ తడిసిన రొట్టె రుచి కోసమే ముందు మాంసం తినకుండా ఆగేవాడినని తాతగారు చెప్పేవారు. బొగ్గుమసి అంటిన చేతితో గుడ్డను పట్టుకుని, గుడ్డను వెనక్కి మడుచుకుంటూ తినేవారట. భూమి లోపల పనిచేసేవాడికి కూర ఒక గిన్నెలో, రొట్టె ఒక గిన్నెలో కుదరవు. చేతికి ఒకటే మూట కావాలి. కార్న్‌వాల్ కూలీ ఇల్లాలు ఓవెన్ ఉంది గనుక పిండితో మూసింది, మా నాయనమ్మ ఓవెన్ లేదు గనుక గుడ్డతో మూసింది.

పర్లాకిమిడి రొట్టెల కొట్టు
మంగళవారం, రాత్రి 9:50

గోపాల్‌పూర్ బాబాయిగారూ, క్రిస్మస్ కోసం పై చేసే అలవాటు ఇంకెక్కడైనా చూశారా? ఈ డిసెంబరుకు మా కొట్టులో పఫ్‌తో పాటు ఒక పై కూడా పెట్టాలని ఉంది.

గోపాల్‌పూర్ తీరం
బుధవారం, ఉదయం 5:55

కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్‌లో చూశాను. అక్కడ తూర్తియేర్ అనే పైని క్రిస్మస్ ముందురాత్రి, చర్చి ప్రార్థన ముగిశాక ఇంటికి వచ్చి తింటారు. సన్నగా తరిగిన పందిమాంసంలో లవంగం, దాల్చినచెక్క వేస్తారు. మన నాలుకకు పరాయిగా అనిపించదు, బిర్యానీ మసాలాలో సగం దానిలో ఉంది. అదే క్యుబెక్‌లో సాగ్నే ప్రాంతానికి వెళితే ఖీమా ఉండదు. లోతైన పాత్రలో మాంసపు ముక్కలు, బంగాళాదుంప ముక్కలు వేసి గంటల తరబడి కాలుస్తారు. ఒక పేరు కింద రెండు వంటలు ఉన్నాయి, ఎవరి ఊరిది వారికి అసలైనది.

మీ కొట్టులో చల్లగా అమ్మదలిస్తే మెల్టన్ మోబ్రే పద్ధతి ఆలోచించండి. అది ఇంగ్లండు నడిమి జిల్లాల పంది పై. అచ్చు లేకుండా చేత్తో నిలబెట్టి కాలుస్తారు గనుక పక్కలు కాస్త ఉబ్బుతాయి. కాలాక మాంసం కుంచించుకుపోయి పిండికీ దానికీ మధ్య ఖాళీ వస్తుంది. కన్నంలోంచి పందికాళ్ళ రసం పోస్తే అది చల్లారి గడ్డకట్టి ఆ ఖాళీని నింపుతుంది. మీరు మేకకాళ్ళ రసం పోయవచ్చు. చలికాలంలో కాళ్ళ పులుసు గిన్నెలో గడ్డకట్టడం మనమందరం చూసిందే. అయితే మన ఎండకు అది ఫ్రిజ్‌లో తప్ప నిలవదు.

జయపురం మాస్టారు
బుధవారం, ఉదయం 8:15

అమ్మకానికి పెట్టే మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక చేయాలి. నేను పాఠశాలలో సైన్సు చెప్పినవాణ్ణి. మూసిన మాంసం ఎంత నెమ్మదిగా వేడెక్కుతుందో అంత నెమ్మదిగా చల్లారుతుంది. 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. పై నడిబొడ్డున వేడి 74 డిగ్రీలు దాటిందో లేదో గుచ్చి చూసే థర్మామీటరుతో చూడండి. కాలాక రెండు గంటలలోపు తినడం గాని, ఫ్రిజ్‌లో పెట్టడం గాని జరగాలి. పాతకాలం వాళ్ళు కొన్నాళ్ళు దాచారన్న మాట విని ఎవరూ అద్దాల అల్మరాలో రోజంతా ఉంచవద్దు. వాళ్ళది చలిదేశం.

బరంపురం వంటిల్లు
ఆదివారం, రాత్రి 9:05

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఈరోజు మళ్ళీ చేశాను. కూరను నిన్న రాత్రే వండి ఫ్రిజ్‌లో పెట్టాను. మరుగునీళ్ళ పిండిని డాల్డాతో కలిపాను. గోరువెచ్చగా ఉండగా స్టీలు గ్లాసు అడుగు చుట్టూ నొక్కి ఆరు గిన్నెలు చేశాను, ఒకటి చల్లారిపోయి పగిలింది, ఐదు నిలిచాయి. మాస్టారి మాట మనసులో ఉండి, రెండింటి కింద అడ్డాకు పరిచాను, మూడింటిని నేరుగా కాలిన ఇనుప రేకు మీద పెట్టాను. 200 డిగ్రీల వేడిలో ఇరవై నిమిషాలు, 170 డిగ్రీల వేడిలో ముప్పై ఐదు నిమిషాలు కాల్చాను.

ఇనుప రేకు మీదివి అడుగు ఎర్రగా కాలి, తట్టితే టకటకమన్నాయి. రసం ఒక్క చుక్క కారలేదు. ఆకు మీదివి మాత్రం కింద తెల్లగానే మిగిలాయి. గట్టిపడ్డాయి గాని రంగు రాలేదు. వాసన మాత్రం వాటికే వచ్చింది. మా చిన్నవాడు ఆకు మీదిది తిని, పెళ్ళి విస్తరి వాసన వస్తోందమ్మా అన్నాడు. పెద్దది రేకు మీదిదే బాగుందంది. మిరియాలు ఎక్కువ వేసినందువల్ల మూత కన్నంలోంచి వచ్చిన ఆవిరి అచ్చం ఖరగ్‌పూర్ ఆవిరే. ఒక నిమిషం కూర్చుండిపోయాను.

రాయగడ అయ్యగారూ, ఆకు వాసన, ఎర్రటి అడుగు రెండూ కావాలంటే ఏం చేయాలో మీకు తోస్తుందా?

రాయగడ విశ్రాంత ఉద్యోగి
సోమవారం, ఉదయం 6:30

చెల్లెమ్మా, ఆకును కింద కాక పైన వేసి చూడండి. బారిపదలో పొగ వాసన పుట్టింది నిప్పులున్న పై విస్తరి కాలడం వల్లనే. మూత ఎలాగూ కన్నంతో ఉంటుంది గనుక ఆ వాసన లోపలి మాంసానికి కూడా అందుతుంది. మొదటి ఇరవై నిమిషాలు ఆకు కప్పి ఉంచి, మాడడం మొదలయ్యాక తీసేస్తే మూతకు కూడా రంగు వస్తుంది. పచ్చి ఆకు వద్దు, విస్తళ్ళకు ఎండబెట్టినది నీళ్ళలో ఒక్కసారి ముంచి వాడండి, లేకపోతే ఓవెన్‌లో అంటుకుంటుంది. మా సంతలో గురువారం అడ్డాకు కట్టలు వస్తాయి. మీకు కావాలంటే బరంపురం వచ్చే మా అబ్బాయి చేత రెండు కట్టలు పంపుతాను.